బెల్లం పెనం చేసిన అక్క

ఆమె చనిపోయిందని ఆమె మరిది ఫోన్ చేసినప్పుడు నేను షాపులో ఒక గేటుకు కమ్మీలు అతికిస్తున్నాను. "అన్నా, వదిన పోయింది. రెండు దినాలు జరమొచ్చింది, గంతే" అన్నాడు. నేను అయ్యో అన్నాను. ఎప్పుడు, ఎట్లా అని అడిగాను. నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. ఇక నన్ను పోల్చి చూడటానికి ఎవరూ మిగల్లేదన్న తేలిక. ఆ తేలికను గుర్తుపట్టి సిగ్గుపడ్డాను. సిగ్గు తర్వాత దుఃఖం వచ్చింది. ఆ వరుసలో వచ్చాయి కనుక ఆ వరుసలోనే రాస్తున్నాను.

తిరుమలగిరిలో రోడ్డు పక్కన నాది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీల మరమ్మతులు. నేను ఐటిఐ చదివాను. మా బాపు కమ్మరి. నాగటి కర్రులు, కొడవళ్లు, కల్లు గీసే కత్తులు చేసిన మనిషి. గీత కార్మికులు ఆయన చేసిన కత్తి కోసం నాలుగు మండలాల అవతల నుంచి వచ్చేవాళ్లు. చేతులు వణకడం మొదలయ్యాక కొలిమి ఆరిపోయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున నాతో పాటు షాపుకు వచ్చి, రేకుల నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, నేను చేసే పని చూస్తూ కూర్చునేవాడు. బాగుందని ఒక్కరోజు కూడా అనలేదు. బాగాలేదనీ అనలేదు. ఆ చూపు నా వీపు మీద ఎప్పుడూ ఒక బస్తాలా ఉండేది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది, చలికాలం చివర్లో ఒక పొద్దున ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నల్లగా, పొడుగ్గా, పెద్ద పెద్ద చేతులతో ఉంది. చేతిలో టిఫిన్ గిన్నె. షాపు ముందు నిలబడి, నన్ను పిలవకుండా, నేను వెల్డింగ్ చేస్తున్న ట్రాలీకి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నేను పని ఆపేదాకా దాన్నే చూసింది.

"ఏం గావాలె అక్కా?"

"పెనం చేస్తవా తమ్మీ?"

"ఏం పెనం?"

"నీరా కాగబెట్టే పెనం. గుండ్రంది కాదు. పొడుగ్గుండాలె, లోతుండొద్దు. నడుమ గోడలుండాలె."

వాళ్లది మాకు కొద్ది దూరంలోని పల్లె. భర్త తాళ్లెక్కేవాడు. మోకు తెగి చెట్టు మీది నుంచి పడితే నడుం విరిగింది. ఇప్పుడు మరిది ఎక్కుతున్నాడు. ఊళ్లో కుర్రాళ్లంతా బీరు సీసాలకు మరగడంతో మధ్యాహ్నం దాటితే కల్లు అడిగేవాడు లేడు. అందుకని ఆమె చెట్టుకు కట్టే కల్లు కుండలకు, లొట్లకు, లోపల సున్నం పూయించి, పులవని నీరా దింపించి, తాటిబెల్లం వండుతోంది. కానీ గుండ్రటి పెనంలో ఒక్క వాయి దిగేసరికి సగం పొద్దవుతుంది. ఈలోగా మిగిలిన నీరా ఎండకు పులిసిపోతుంది. పులిసింది బెల్లానికి పనికిరాదు. కష్టమంతా నేలపాలు.

"నడుమ గోడలెందుకు?" అన్నాను.

ఆమె నా షాపు గచ్చు మీద బొగ్గుతో గీసింది. "మా తల్లిగారిది హాలియా దిక్కు. కాలువ కింద పొలాలు. ఎగువ మడిల నీళ్లిడిస్తే గండిల నుంచి దిగువ మడికి పోతయ్. ఆడికెల్లి ఇంకో మడికి. పైన ఎంత పోస్తే కింద గంత కదుల్తది. నీరా గట్ల పోవాలె తమ్మీ. గీ మూలకు పచ్చిది పోస్త. మడి మడికి చిక్కబడుకుంట పోయి గా మూలకు పాకమై రావాలె. నేను పోసుకుంటనే ఉంట, అది వచ్చుకుంటనే ఉండాలె."

నేను నవ్వాను. "గిది అయ్యే పని కాదక్కా. ఒక్క పెనంల ఉన్నంక పచ్చిది, చిక్కది కలిసిపోతయ్."

"కలుస్తయా?" అంది. వాదించలేదు. "నాకు తెల్వదు తమ్మీ. చేసి చూస్తెనే గద తెల్సేది."

ఆమె ఆ మాట అనే తీరు నాకు తొలిరోజే గుచ్చుకుంది. నాకు తెల్వదు. గిన్నె మూత తీసినంత సులువుగా అనేది. నా బతుకులో ఒక గిరాకీ ముందు నేను ఆ మాట అన్నది లేదు. తెలియనిచోట గొంతు పెంచేవాణ్ణి, అంతే.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. మా బాపు లేచి నిలబడ్డాడు. కర్ర లేకుండా నాలుగడుగులు వేసి, ఆ బొగ్గు గీతల ముందుకొచ్చి వంగాడు.

"మల్లొకసారి చెప్పు బిడ్డా" అన్నాడు.

ఆ రోజు నుంచే మొదలైంది నా కడుపుమంట.

*

ఆలేరులో మూతపడ్డ ఆముదం మిల్లు ఒకటుంది. దాని ఆవరణలో పాత నూనె ట్యాంకు ఏళ్ల తరబడి తుప్పు పట్టి పడి ఉండేది. ఆ దారిన నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. పోయినప్పుడల్లా దాన్ని చూసి, పాతసామాను కింద అమ్మితే ఎంత తూగుతుందో అని మాత్రమే అనుకునేవాణ్ణి. ఆమె రైలు కోసం ఎదురుచూస్తూ ఒక్కసారి చూసిందట. గోడ దూకినంత పని చేసి లోపలికి వెళ్లి, దాన్ని వేలి గణుపులతో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కొట్టుకుంటూ చెవి ఆనించి విందట. కింది భాగం మందంగా మోగింది, పై భాగం పలచగా మోగింది. మిల్లు యజమానిని వెతికి పట్టుకొని అడిగితే, మోసుకుపోగలిగితే పో అన్నాడట ఆయన. మూడో రోజుకల్లా ట్యాంకు ట్రాక్టర్ ట్రాలీలో నా షాపు ముందు దిగింది. వెంట ఆమె మరిది, ఇంకో నలుగురు.

"కోసిస్తవా తమ్మీ?"

నూనె ఉన్న ట్యాంకును గ్యాసుతో కోయడం ఆషామాషీ కాదు. లోపల ఆవిరి నిలిస్తే పేలుతుంది. బట్టల సోడా కలిపిన నీళ్లతో మూడుసార్లు కడిగించి, నిండా నీళ్లు నింపించి, అప్పుడు మంట పెట్టాను. కొంచెం కోసి, నీటి మట్టం అంతవరకు దించి, మళ్లీ కోశాను. నిలువునా, రెండు దోనెల్లా. గీత గీసినట్టు వచ్చింది కోత. అంత తిన్నగా కోయడం మా చుట్టుపక్కల నాకు తప్ప ఎవరికీ రాదు. ఆమె ఆ అంచు వెంట వేలు పెట్టి రాసి, "అబ్బ! కత్తితోని సొరకాయ కోసినట్టు కోసినవ్" అంది. నేను బాపు వైపు చూశాను. ఆయన కోత వైపు చూడటం లేదు. ఆమె ఆ దోనెల ముందు కూర్చొని ఏం ఆలోచిస్తోందా అని ఆమె ముఖం చూస్తున్నాడు.

అట్లా కూర్చోవడం ఆమె అలవాటు. ఏ వస్తువునైనా ముట్టుకునే ముందు దాని ఎదురుగా గొంతుక్కూర్చునేది. ఎవరైనా తొందరపెడితే, "జరాగున్రి, దాన్ని చెప్పనియ్యిన్రి" అనేది. పొరపాటు చేస్తే తన కుడిచేతిని ఎడమచేత్తో చళ్లున కొట్టి నవ్వేది. కొలతకు టేపు ఇస్తే తీసుకోలేదు. ఒక పాత నూలుతాడుకు ముడులు వేసుకొని, దాంతోనే అన్నీ కొలిచేది. నేను టేపుతో సరిచూశాను, తప్పు పట్టుకుందామని. దొరకలేదు.

మందంగా ఉన్న దోనె పొయ్యి అయింది. దాన్ని వెల్లకిలా పెట్టి, లోపల కమ్మీల జల్లెడ, ఒక చివర కట్టెలు తోసే నోరు, ఇంకో చివర పొగ పోవడానికి ఎండిపోయిన బోరులో నుంచి పీకిన పాత ఇనుప కేసింగు పైపు. పలచటి దోనెను సాపు చేసి, అంచులు జానెడు ఎత్తు మడిచి, పెనం చేయాలి. వంపు తిరిగిన రేకును సాపు చేయడమే అసలు కష్టం. నేను దాన్ని ప్రెస్సు ఉన్న పెద్ద వర్క్‌షాపుకు పంపాలన్నాను. బాపు ఆ మాట వినిపించుకోలేదు.

"కొలిమి ముట్టిద్దాం" అన్నాడు.

మా ఇంటి వెనక ఎన్నో ఏళ్లుగా కోళ్లు పడుకుంటున్న కొలిమి. మరునాడు పొద్దున నేను లేచేసరికి అది ఎర్రగా ఉంది. ఆమె తిత్తి ఊదుతోంది. బాపు ఎదురుగా కూర్చొని, వణికే వేలితో రేకు మీద చోటు చూపిస్తున్నాడు. "గీడ. గట్టిగ కాదు. ఇనుం ఎరుపు తగ్గకముందే... ఆ, గట్ల." ఆమె చేతిలో ఉన్నది బాపు చిన్న సుత్తి.

ఆ సుత్తి సంగతి చెప్పాలి. చింతకర్ర పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగి ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని ముట్టుకుంటే వీపు మీద దెబ్బ పడేది. "గీ పని నీకొద్దు. సదువుకో" అనేవాడు. నన్ను మసి అంటకుండా పెంచి ఐటిఐకి పంపాడు. అది ప్రేమ అని నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు, తెలుసు. కానీ ఆ పొద్దున ఆ సుత్తి ఆమె చేతిలో లేస్తూ దిగుతూ ఉంటే, ఆయన ముఖంలో నేను ఏనాడూ చూడని వెలుగు చూశాను. పళ్లు తోముకోవడానికి పట్టుకున్న వేపపుల్ల నా నోట్లోనే విరిగింది.

పది రోజులు ఆమె రోజూ వచ్చింది. టిఫిన్ గిన్నెలో రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. ఒక రొట్టె తుంచి బాపుకు పెట్టేది. "పెద్దయ్యా, తిను. ఎంగిలి గాదు" అనేది. నా భార్య పళ్లెంలో అన్నం పెట్టి తెస్తే సగం వదిలేసే మనిషి ఆ ఎండురొట్టెను పళ్లు లేని చిగుళ్లతో నాన్చుకొని మొత్తం తినేవాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది కూడా పెద్దగా ఉండేది కాదు. ఇనుము గురించే. మా బాపుకు అన్ని మాటలు వచ్చని నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం చాయ్ తెచ్చినతను, పెనం తయారవడం చూసి, "మీ కొడుకు చేస్తుండా తాతా?" అని అడిగాడు.

బాపు తల అడ్డంగా ఊపాడు. "నా కొడుకుకు మిషిన్ తెలుసు. గీ బిడ్డకు ఇనుం తెలుసు."

నేను మూడు గజాల దూరంలో ఉన్నాను. ఆయన గొంతు తగ్గించలేదు. నన్ను నొప్పించాలనీ కాదు. ఉన్నమాట చెప్పాడు. ఆమె నా వైపు చూసి, చప్పున తల దించుకుంది.

ఆ సాయంత్రం పెనం మూలలు, లోపలి గోడలు నేను అతికించాలి. ఆ పని ఒక్కటే ఆమెకు రాదు, బాపుకూ రాదు. వెల్డింగ్ చేసినప్పుడు అతుకు మీద పెంకులాంటిది కడుతుంది. దాన్ని రాలగొట్టి, కింద లోహం కలిసిందో లేదో చూడాలి. అన్ని అతుకులూ రాలగొట్టి చూశాను, ఒక్క చోట తప్ప. చివరి మడిలో, పాకం దిగే మూల. అక్కడ అతుకు సరిగా కలవలేదని నా చెయ్యి నాకు చెప్పింది. పెంకు రాలగొడితే బెజ్జం కనబడుతుంది, మళ్లీ అతకాలి. నేను రాలగొట్టలేదు. కావాలని తప్పు చేయలేదు, తప్పును చూడలేదు, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. నీళ్లు పోసి చూశారు. పెంకు అడ్డం ఉంది కనుక చుక్క కారలేదు.

"నడువు బిడ్డా, ముట్టిద్దాం" అన్నాడు బాపు.

*

మరునాటి తెల్లవారుజామున వాళ్ల ఊళ్లో, ఇంటి ముందు జాగాలో పొయ్యి నిలబెట్టారు. ఆమె భర్తను మంచంతో సహా బయటికి తెచ్చి పెట్టారు, చూడటానికి. మరిది తాళ్ల మీది నుంచి లొట్లు దింపుకొచ్చాడు. ఊరు ఊరంతా చేరింది. నేను బాపును బండి మీద తీసుకొచ్చాను. నాకు రావాలని లేదు, రాకుండా ఉండాలనీ లేదు.

కట్టెలు తోసి మంట పెట్టారు. కేసింగు పైపులో నుంచి పొగ నిటారుగా లేచింది. ఆమె ఎగువ మూలలో నీరా వడగట్టి పోసింది. పలచగా, నీళ్లలా, మొదటి మడిలో నుంచి రెండో మడిలోకి, రెండో దానిలో నుంచి మూడోదానిలోకి పాకింది. కాసేపటికి పెనమంతా ఆవిరి. ఆమె పోస్తోంది, అది కదులుతోంది. మొదటి మడిలో తెల్లటి నురగ, మూడో మడిలో గోధుమరంగు, చివరి మడిలో తేనెరంగు. కలవలేదు. నేను అన్నట్టు కలవలేదు. పచ్చిది పచ్చిగానే, చిక్కది చిక్కగానే, ఎక్కడిదక్కడ. నురగ పొంగబోతే ఆమె నాలుగు ఆముదం గింజలు నలిపి వేసింది. పొంగు చప్పున అణిగింది. "ఓరి దీని..." అని ఎవరో ముసలాయన నోరు తెరిచాడు. ఆమె భర్త మంచం మీద మోచేతుల మీద లేచాడు.

నేను చివరి మూల వైపే చూస్తున్నాను.

ముందు చిన్న చిటచిట వినబడింది. తర్వాత నిప్పుల మీద బొట్లు పడ్డ చప్పుడు. మాడిన తీపి వాసన గుప్పున లేచింది. పెంకు వేడికి రాలిపోయింది. అప్పటిదాకా కాగి చిక్కబడ్డ పాకం, సన్నటి దారంలా, ఆ మూల నుంచి మంటలోకి జారిపోతోంది.

అందరూ ఒక్కసారి అరిచారు. కట్టెలు గుంజున్రి అని ఒకరు, నీళ్లు పోయున్రి అని ఒకరు. ఆమె చెయ్యెత్తింది.

"జరాగున్రి."

ఆ మూలకు ఎదురుగా గొంతుక్కూర్చుంది. మంట సెగకు ముఖం ఎర్రబడుతుంటే అట్లాగే చూసింది. మా బాపు నెమ్మదిగా వెళ్లి ఆమె పక్కన వంగాడు. ఆయన చూపు ఆ అతుకు మీద ఆగింది. చూపు మసకబారిన మనిషే, కానీ ఇనుము విషయంలో ఆయనకు ఎప్పుడూ మసక లేదు. ఆయన తలెత్తి జనంలో నన్ను వెతికాడు. దొరికాక, చాలాసేపు చూశాడు. ఆ చూపును నేను ఇప్పుడు కూడా సరిగ్గా ఎదుర్కోలేను.

ఆయన నోరు తెరవబోయాడు. అంతకంటే ముందు ఆమె చళ్లున తన చేతిని కొట్టుకుంది.

"నేనే పెద్దయ్యా. నిన్న ట్రాలీల పెట్టేటప్పుడు గీ మూలను సుత్తితోని గట్టిగ కొట్టిన. నా చేతులే ఇరగ" అంది గట్టిగా, అందరికీ వినబడేట్టు.

ఆమె ట్రాలీలో పెట్టేటప్పుడు సుత్తి పట్టుకోలేదు. ట్రాలీలోకి ఎక్కించింది నేనూ, ఆమె మరిదీ.

తర్వాత లోపలికి పరుగెత్తి సున్నం తెచ్చింది. అంతకు ముందు వండిన బెల్లం ముక్కను నలిపి సున్నంలో పిసికి, ముద్ద చేసి, పాత నూలుగుడ్డ పేలికలో కలిపి, ఇనుప గరిటెతో ఆ మూలలో కుక్కింది. వేళ్లు కాలాయి. నోట్లో పెట్టుకొని చప్పరించి మళ్లీ కుక్కింది. దారంలా కారేది బొట్టు బొట్టు అయింది. కాసేపటికి ఆ బొట్లూ ఆగాయి.

పొద్దు నడినెత్తికి రాకముందే పాకం అచ్చుల్లోకి దిగింది. పాత పెనం మీద రెండు రోజుల పని. మొదటి ముద్ద విరిచి బాపు నోట్లో పెట్టింది. రెండోది నా చేతిలో పెట్టింది. మంచి రంగు, మంచి పాకం, కానీ ఎంత కాల్చి తోమినా ట్యాంకు బుద్ధి పోలేదు. ఆముదం వాసన సన్నగా తగిలింది. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకొని కళ్లు మూసుకొని, "గియ్యాల బెల్లం తిన్నోళ్లు రేపు చెంబులు పట్టుకొని ఉరుకుడే" అంది. ఊరంతా పగలబడి నవ్వింది. మంచం మీద ఆమె భర్త కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

ఇంటికి వచ్చేటప్పుడు బాపు బండి మీద నా వెనక కూర్చున్నాడు. దిగాక, "ఆ మూల మల్ల అతికిచ్చిరా" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమన్నా తిట్టి ఉంటే బాగుండేది.

*

రెండు రోజుల తర్వాత మిషన్ వేసుకొని వెళ్లాను. సున్నం ముద్ద చెక్కి, పాత అతుకు గీకేసి, ఈసారి నిజాయితీగా అతికాను. ఆమె రేకును పట్టుకుంది. నిప్పురవ్వలు ఆమె చీర మీద పడుతున్నా కదలలేదు. పని అయ్యాక, నల్ల అద్దం చేతిలోకి తీసుకొని, దానిలో నుంచి ఎండను చూస్తూ అడిగింది.

"తమ్మీ, గీ అతుకువెట్టుడు నాకు నేర్పుతవా?"

నేను ఆలోచించను కూడా లేదు. "కండ్లు పోతయక్కా. ఆడోళ్లు చేసే పని గాదు" అన్నాను.

"అవునా" అంది. అద్దం నాకు ఇచ్చేసింది. మళ్లీ అడగలేదు. ప్రతి ఏడూ నీరా కాలం వచ్చే ముందు ఫోన్ చేసేది: "తమ్మీ, పెనం జర చూసిపోవా?" నేను వెళ్లేవాణ్ణి. ఆ ఒక్కటీ ఆమెకు నేర్పలేదు కనుక ఆ ఒక్కదానికి ఆమె నన్ను పిలవాలి. ఆ పిలుపు కోసం నేను ఏడాదంతా ఎదురుచూసేవాణ్ణని ఒప్పుకోవడానికి నాకిప్పుడు అభ్యంతరం లేదు.

ఆమె పెనం సంగతి పాకింది. పాలమూరు దిక్కు నుంచి కూడా గీత కార్మికులు వచ్చి చూసిపోయేవాళ్లు. ఎవరొచ్చినా పొయ్యి నోరు నుంచి గండి ఎత్తు దాకా అన్నీ విప్పి చెప్పేది. దాచుకోవాలన్న ఆలోచన ఆమెకు రాదు. వాళ్లంతా పెనం చేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. నేను స్టీలు రేకుతో, నిగనిగలాడేట్టు చేసి, పక్కన ఎర్ర రంగుతో నా షాపు పేరు రాయించాను. ఈ ఆలోచన ఎవరిదని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒకసారి ఆమె దారిన పోతూ ఆగి అలాంటి పెనం ఒకదానికి ఎదురుగా గొంతుక్కూర్చుంది. చెయ్యి రాసి చూసి, "మస్తు మెరుస్తాంది తమ్మీ. గీ మూడో గండి ఒక్కటి జర పెద్దగైనట్టుంది" అని వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి టేపు తీశాను. అర అంగుళం పెద్దగా ఉంది.

జిల్లా కేంద్రంలో ఒక సభలో ఆమెకు శాలువా కప్పారు. బాపు పట్టుబడితే తీసుకెళ్లాను. మైకు ముందు ఆమె తడబడకుండా మా బాపు పేరు చెప్పింది. "ఇనుం సంగతి ఆయిననే నేర్పిండు. తిరుమలగిరి తమ్ముడు అతుకులు పెట్టిండు" అంది. జనం చప్పట్లు కొట్టారు. బాపు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. అతుకులు పెట్టిండు. కోసింది నేను, నీళ్లు నింపించింది నేను. ఆమె ఆ చెడ్డ అతుకు గురించి ఎవరికీ చెప్పలేదన్న సంగతి మాత్రం నాకు ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

బాపు పోయినప్పుడు ఆమె ఆయన కాళ్ల దగ్గర కూర్చొని నాకంటే గట్టిగా ఏడ్చింది. అక్కడ కూడా నాకు మండింది. నా తండ్రి శవం ముందు, ఎవరి దుఃఖం పెద్దదో అని కొలుచుకుంటూ నిలబడ్డాను. దినాలు అయ్యాక ఆమె చిన్న సుత్తిని గుడ్డలో చుట్టి తెచ్చింది. "గిది నీకు రావల్సింది తమ్మీ."

"ఉంచుకో. నాకు గ్రైండర్లున్నయ్" అన్నాను.

*

మరిది ఫోన్ చేసిన మరుసటి రోజు వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయింది. వాకిట్లో పెనం బోర్లించి ఉంది. ఆమె భర్త కర్ర పట్టుకొని కొంచెం నడుస్తాడు ఇప్పుడు. మంచంలో కూర్చొని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎందుకు అనిపించిందో, నోరు తెరిచాను.

"బావా, ఒక మాట చెప్పాలె. మొదటి దినం పెనం కారింది యాదికుందా? అక్క సుత్తితోని కొట్టుడు గాదు. నా అతుకే. తెలిసే ఇడిసిపెట్టిన."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎందుకు?"

"కడుపుమంట."

ఆయన కోప్పడతాడనుకున్నాను. ముఖం మీద సన్నటి నవ్వు వచ్చింది. "ఆమెకు నీ మీద లేకుండెనా?" అన్నాడు.

"నా మీదనా? నా దగ్గరేముంది బావా?"

"మీ బాపు. ఆమె కడుపుల ఉండంగనే మా మామ పోయిండు. బాపు మొఖం ఎట్లుంటదో ఎరుగదు. మీ షాపుకు పోయొచ్చే దినాలల్ల, ఒకనాడు రొట్టె చేసుకుంట అన్నది. 'ఆ తమ్మిది ఏం నసీబో! దినమంత బాపే పక్కన కూసోని చూస్తడు. నేను ఏం చేసినా చూసేటోడు లేకపాయె. నాకు కండ్లమంటయితాంది. ఆ ముసలాయిననే ఎత్తుకొస్త ఏమన్న గాని' అన్నది. అని నవ్వింది. రొట్టె మాడుతాందని అటు తిరిగింది. గంతే. మల్లెన్నడు అనలేదు."

లోపల ఎవరో స్టవ్ మీది నుంచి గిన్నె దించిన చప్పుడైంది. మరిది వచ్చి చాయ్ ఇచ్చాడు. ఇరవై ఏళ్లు నా వీపు మీద బస్తాలా మోసిన ఆ చూపు, ఆమె కావాలని కోరుకున్నదట. ఆ కోరిక వచ్చిన రోజునే మొగుడికి చెప్పుకుని, నవ్వి, రొట్టె తిరగేసుకుందట. నేను ఎనిమిదేళ్లు నా కడుపుమంటను ఎవరికీ చెప్పకుండా పెంచి పెద్ద చేశాను.

ఇది విన్నాక నా కుళ్లు తగ్గిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ వాకిట్లో కూర్చున్నంతసేపూ అది పెరుగుతూనే ఉంది. అసూయపడటం కూడా ఆమెకు నాకంటే బాగా వచ్చు.